పడిశానికి కోడి సూప్ ఏం చేస్తుంది?

అమెరికా నడిమధ్యన, నెబ్రాస్కా రాష్ట్రంలో ఒమాహా అనే నగరం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో స్టీఫెన్ రెనార్డ్ ఊపిరితిత్తుల నిపుణుడిగా పనిచేశారు. శ్వాసనాళాల్లో వాపు ఎలా పుడుతుంది, తెల్ల రక్తకణాలు అక్కడికి గుంపులుగా ఎందుకు చేరతాయి అన్నవి ఆయన పరిశోధించిన విషయాలు. ఇంట్లో ఆయన భార్య కోడి సూప్ వండేవారు. లిథువేనియా మూలాలున్న ఆమె అవ్వ నుంచి వచ్చిన వంట అది. జలుబు చేస్తే ఆ సూప్ తాగాలన్నది ఆ కుటుంబం నమ్మకం. ఇలాంటి నమ్మకం లేని ఇల్లు ప్రపంచంలో అరుదు. అయితే దాన్ని పరీక్షించి చూద్దామనుకునేవాళ్లు ఇంకా అరుదు. రెనార్డ్ ఆ సూప్‌ను తన ప్రయోగశాలకు పట్టుకెళ్లారు. ఫలితాలు 2000 అక్టోబరులో ‘చెస్ట్’ అనే వైద్య పత్రికలో వచ్చాయి. పావు శతాబ్దం గడిచినా, కోడి సూప్ గురించి ఎవరు మాట్లాడినా ఆ పరిశోధన ప్రస్తావన రాకుండా ఉండదు.

వంట కష్టమైనదేమీ కాదు, కాస్త ఓపిక కావాలంతే. సుమారు రెండున్నర కిలోల ముదురు కోడిపెట్ట, మరికొన్ని రెక్కలు, మూడు పెద్ద ఉల్లిపాయలు, ఒక పెద్ద చిలగడదుంప, డజను దాకా క్యారెట్లు, రెండు టర్నిప్‌లు, క్యారెట్ కుటుంబానిదే అయిన పార్స్‌నిప్ అనే తెల్లటి దుంపలు మూడు. కోడిని చన్నీళ్లలో వేసి మరగనిస్తారు. ఆ తర్వాత రెక్కలూ దుంపలూ వేసి గంటన్నర ఉడికిస్తారు. పైకి తేలే కొవ్వును ఎప్పటికప్పుడు తీసేస్తారు. చివర్లో సెలెరీ కాడలు, పార్స్లీ ఆకు వేసి మరో ముప్పావు గంట పొయ్యి మీద ఉంచుతారు. ఉప్పు, మిరియాలపొడి తగినంత. తూర్పు యూరప్ నుంచి అమెరికా చేరిన యూదుల ఇళ్లలో పండగ పూటా, జబ్బు పూటా కనిపించే సూప్ ఇదే.

ఇక ప్రయోగం సంగతి. మన రక్తంలోని తెల్లకణాల్లో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ అనే రకానివే. ఒంట్లో ఎక్కడ గాయమైనా, ఎక్కడ సూక్ష్మజీవి చొరబడినా ముందుగా చేరుకునేది అవే. దెబ్బతిన్న చోటు నుంచి వెలువడే రసాయనాల జాడ పట్టుకుని రక్తనాళాల గోడల్లోంచి దూరి అక్కడికి పాకిపోతాయి. ఈ పాకడాన్ని ప్రయోగశాలలో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. రెండు చిన్న అరలు, వాటి మధ్య అతి సన్నని రంధ్రాలున్న పొర. కింది అరలో కణాలను ఆకర్షించే రసాయనం పోస్తారు, పై అరలో న్యూట్రోఫిల్స్‌ను ఉంచుతారు. కాసేపయ్యాక పొర దాటి వచ్చిన కణాలెన్నో మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. రెనార్డ్ బృందం ఆరోగ్యవంతుల రక్తం నుంచి తీసిన న్యూట్రోఫిల్స్‌కు సూప్‌ను తగిలించి ఇదే పని చేసింది.

సూప్ తగిలినప్పుడు పొర దాటే కణాల సంఖ్య తగ్గింది. సూప్ చిక్కగా ఉంటే ఎక్కువ తగ్గింది, నీళ్లు కలిపి పలచన చేసేకొద్దీ ప్రభావం సన్నగిల్లింది. 200 వంతుల దాకా పలచన చేసినా కొంత ప్రభావం మిగిలే ఉంది. మోతాదును బట్టి ఫలితం మారడం శాస్త్రజ్ఞులకు చాలా ముఖ్యమైన ఆనవాలు. ఏదో పొరపాటున వచ్చిన అంకె అయితే అది ఇలా క్రమంగా ఎక్కి దిగదు. సూప్‌లోని నలకలకు కాక, నీటిలో కరిగిన భాగానికే ఈ గుణం ఉందని కూడా తేలింది. కోడి ఒక్కటే కాదు, కూరగాయలను విడివిడిగా పరీక్షించినా ఈ గుణం కనిపించింది. కాకపోతే విడి కూరగాయల రసాలు కణాలకు కొంత హాని చేశాయి. అన్నీ కలిసి ఉడికిన సూప్ ఆ హాని చేయలేదు. దుకాణంలో దొరికే రకరకాల సూప్‌లను కూడా పరీక్షించారు. వాటిలో కొన్ని బాగా పనిచేశాయి, కొన్నిటి ప్రభావం నామమాత్రం.

రోగంతో పోరాడే కణాలను ఆపితే రోగికి మేలేమిటి? కీడు కదా? ఈ సందేహానికి జవాబు పడిశం స్వభావంలోనే ఉంది.

జలుబు తెప్పించే వైరస్‌లలో ముందు వరుస రైనోవైరస్‌లది. వాటిలో 160కి పైగా రకాలున్నాయి. ఒక రకం వచ్చిపోయినా మరో రకం రాకుండా ఉండదు. అందుకే ఇంతవరకూ టీకా సాధ్యం కాలేదు, పెద్దవాళ్లకు కూడా ఏడాదికి రెండు మూడుసార్లు జలుబు తప్పడం లేదు. ఈ వైరస్ ముక్కు లోపలి పొరలో కొన్ని కణాలకు మాత్రమే సోకుతుంది, ఫ్లూ వైరస్‌లాగా పొరనంతా చెక్కేయదు. మరి అంత బాధ ఎక్కడిది? చాలా మటుకు మన దేహం స్పందన నుంచే. వైరస్ జాడ తెలియగానే ముక్కు పొరలోని రక్తనాళాలు ఉబ్బుతాయి, ముక్కు దిబ్బడ వేస్తుంది. గ్రంథులు ధారగా స్రవిస్తాయి. నరాలు రేగి తుమ్ములు, గొంతులో గరగర. న్యూట్రోఫిల్స్ దండుగా దిగుతాయి. మూడో రోజో నాలుగో రోజో చీమిడి పసుపు పచ్చగానో ఆకుపచ్చగానో మారేది ఆ న్యూట్రోఫిల్స్‌లో ఉండే ఎంజైము రంగు వల్లే. ఆ రంగు చూసి యాంటీబయాటిక్ వాడాల్సిన జబ్బు ముదిరిందని భయపడేవాళ్లు ఎందరో. రంగు ఒక్కదాన్ని బట్టి ఆ నిర్ణయానికి రాకూడదు.

కాబట్టి న్యూట్రోఫిల్స్ రాకను కాస్త నెమ్మదింపజేయగలిగితే బాధ తగ్గవచ్చన్నది రెనార్డ్ ఊహ. అందులో తర్కం ఉంది. పడిశం పది రోగాల పెట్టు అని తెలుగువాళ్లు ఊరికే అనలేదు. ఉబ్బసం ఉన్నవాళ్లను, పొగతాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్లను మామూలు జలుబే ఆయాసం తెచ్చి ఆస్పత్రి దాకా తీసుకెళ్తుంది. వాపును అదుపు చేసే దారి ఏదైనా ఒక ఊపిరితిత్తుల వైద్యుడికి ఆసక్తికరమే.

కానీ ఈ ప్రయోగం హద్దు ఎక్కడో గట్టిగా చెప్పుకోవాలి. పరీక్ష జరిగింది గాజు పాత్రలో. తాగిన సూప్ కడుపులో జీర్ణమై, పేగుల్లోంచి రక్తంలోకి చేరాక ఆ గుణం మిగులుతుందా, మిగిలితే ఎంత, అది ముక్కు దాకా వస్తుందా అన్నది ఇందులో తేలలేదు. జలుబు చేసిన ఒక్క మనిషికి కూడా ఈ ప్రయోగంలో సూప్ తాగించలేదు. రెనార్డ్ బృందం తన వ్యాసంలో దీన్ని దాచలేదు. పత్రికలు మాత్రం ‘కోడి సూప్ జలుబును నయం చేస్తుందని రుజువైంది’ అని రాశాయి. అలా రుజువు కాలేదు.

మనుషుల మీద జరిగిన పరీక్ష అంతకు ముందే ఒకటుంది. 1978లో మయామీ బీచ్‌లోని మౌంట్ సైనాయ్ వైద్యకేంద్రంలో కియుమార్స్ సకేత్‌ఖూ, మార్విన్ సాక్నర్ తదితరులు 15 మంది ఆరోగ్యవంతులను కూర్చోబెట్టి చన్నీళ్లు, వేడినీళ్లు, వేడి కోడి సూప్ తాగించారు. కప్పుతో చప్పరిస్తూ ఒకసారి, స్ట్రాతో మరోసారి. ఉత్త కప్పు, ఉత్త స్ట్రా ఇచ్చి తాగినట్టు నటింపజేసి కూడా చూశారు. వాళ్లు కొలిచింది ముక్కులోని జిగురు కదిలే వేగం. ముక్కు లోపలి గోడ నిండా కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. అది నిరంతరం ఊగుతూ పైన పరుచుకున్న జిగురును గొంతు వైపు నెడుతూ ఉంటుంది. దుమ్ము, వైరస్ ఆ జిగురుకే అంటుకుని బయటపడతాయి. జిగురు కదలిక మందగిస్తే అవి అక్కడే తిష్ఠవేస్తాయి.

చన్నీళ్లు తాగాక జిగురు వేగం నిమిషానికి 7.3 మిల్లీమీటర్ల నుంచి 4.5కు పడిపోయింది. వేడినీళ్లు చప్పరించాక 6.2 నుంచి 8.4కు పెరిగింది. కోడి సూప్ చప్పరించాక 6.9 నుంచి 9.2కు. ఆవిరి ముక్కుకు తగలకుండా స్ట్రాతో తాగినప్పుడు కూడా సూప్ వేగాన్ని 6.4 నుంచి 7.8కు పెంచింది. ఆవిరి చేసే పని కొంత ఉందని, సూప్ వాసనో రుచో అదనంగా మరికొంత చేస్తోందని పరిశోధకులు భావించారు. అయితే ఈ లాభం స్వల్పకాలికం. అరగంటకు వేడి పానీయాల ప్రభావం పోయి వేగం మళ్లీ మొదటికొచ్చింది. గాలి లోపలికీ బయటికీ పోవడంలో ముక్కు చూపే అడ్డు మాత్రం దేనివల్లా మారలేదు. వేడి చేసే మేలు అరగంటలోపే పోతుంది కనుక పడిశం రోజుల్లో ఒకేసారి పెద్ద గిన్నెడు తాగడం కన్నా, రోజులో నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా వేడివేడిగా చప్పరించడం మేలని అనుకోవచ్చు.

ముక్కులో గాలి అడ్డు మారకపోయినా ‘హమ్మయ్య, ముక్కు తెరుచుకుంది’ అనిపించడం ఎందుకు? ఈ ప్రశ్నకు వేల్స్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో జలుబు మీదే పనిచేసిన కేంద్రం జవాబు వెతికింది. రాన్ ఎకల్స్ దాన్ని ఏళ్ల తరబడి నడిపించారు. 2008లో ఆయన, మరో పరిశోధకుడు కలిసి జలుబు, ఫ్లూ లక్షణాలున్న 30 మందికి పండ్లరసం పానీయం ఇచ్చారు, కొందరికి వేడిగా, కొందరికి గది ఉష్ణోగ్రతలో. కొలిస్తే ముక్కులోంచి పోయే గాలిలో తేడా రాలేదు. కానీ వేడిగా తాగినవాళ్లు ముక్కు కారడం, దగ్గు, తుమ్ములతో పాటు గొంతునొప్పి, చలి, అలసట కూడా తగ్గాయని చెప్పారు. గది ఉష్ణోగ్రతలో తాగినవాళ్లకు మొదటి మూడింటిలోనే ఉపశమనం. రోగి పడే బాధ ఆ మనిషికే తెలుస్తుంది. దాన్ని ఆ మనిషి నోటితోనే వినాలి. ‘అనిపించడమే కదా’ అని కొట్టిపారేయడం వైద్యం కాదు.

రుచి సంగతి చాలామంది పట్టించుకోరు గానీ, అసలు రహస్యం సగం అక్కడే ఉంది. ముక్కు దిబ్బడ వేస్తే అన్నం చప్పిడిగా అనిపిస్తుంది, ఎందుకంటే మనం రుచి అనుకునే దానిలో ఎక్కువ భాగం వాసనే. ఆ స్థితిలో నాలుకకు నేరుగా తెలిసేవి ఉప్పు, పులుపు, తీపి, చేదు, ఇంకా మాంసపు కమ్మదనం. ఈ కమ్మదనాన్ని 1908లో జపాన్ రసాయన శాస్త్రజ్ఞుడు కికునాయె ఇకెడా సముద్రపు నాచు కాచిన నీళ్లలో కనిపెట్టి ‘ఉమామి’ అని పేరు పెట్టారు. దానికి కారణం గ్లుటమేట్. 1913లో ఆయన శిష్యుడు షింతారో కొడమా ఎండు చేపలో ఇనోసినేట్ అనే మరో పదార్థాన్ని చూపించారు. కోడిమాంసంలో ఇనోసినేట్ దండిగా ఉంటుంది, కూరగాయల నుంచి గ్లుటమేట్ వస్తుంది. రెండూ కలిస్తే రుచి ఒకదానికొకటి కూడినంత కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. దానికి తోడు మిరియాల ఘాటు. అది వాసన నరాల ద్వారా కాక ముఖంలోని స్పర్శనూ నొప్పినీ తెలిపే నరం ద్వారా మెదడుకు చేరుతుంది, కనుక ముక్కు మూసుకున్నా తెలుస్తుంది. ఆ ఘాటుకే ముక్కు నీరు కారి కాస్త తేలికపడుతుంది. ఏదీ సయించని నోటికి కోడి సూప్ సయించడం అందుకే. తిండి మానేసిన జ్వరపు మనిషికి ఆ దారిన నీరు, ఉప్పు, కొంత మాంసకృత్తు అందుతాయి.

ముదురు కోడి కావాలనడం వెనకా కారణం ఉంది. వయసు పెరిగేకొద్దీ కోడి కండరాల మధ్య, కీళ్ల దగ్గర ఉండే కొల్లాజెన్ గట్టిపడుతుంది. బాగా ఎక్కువసేపు ఉడికితేనే అది కరిగి జెలటిన్ అవుతుంది. ఆ జెలటిన్ వల్లే సూప్ నోట్లో చిక్కగా, పెదవులకు అంటుకుంటూ ఉంటుంది. సుమారు ఆరు వారాలకే అమ్మకానికి వచ్చే బ్రాయిలర్ కోడితో ఆ చిక్కదనం రాదు. నాటుకోడి వండేవాళ్లు కుక్కర్లో ఎక్కువ విజిల్స్ రానివ్వడం, కట్టెల పొయ్యి మీద పొద్దంతా ఉంచడం ఇందుకే.

కోడి సూప్‌కు వైద్యగ్రంథాల్లో చోటు కూడా పాతదే. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టి, ఈజిప్టులో సుల్తాన్ సలాదీన్ ఆస్థానానికి వైద్యుడైన మోషే బెన్ మైమాన్ ఉబ్బసం మీద రాసిన గ్రంథంలో కోడి మాంసాన్నీ దాని చారునూ సిఫారసు చేశారు. యూదుల పండితుడిగా ఆయనకున్న గౌరవం వల్ల ఆ మాట తరాల పాటు నిలిచింది. లిథువేనియా అవ్వల వంటింటి దాకా వచ్చింది.

తెలుగునాట ఇదే పని నాటుకోడి చారు చేస్తుంది. ఎముకలున్న ముక్కలను అల్లం, వెల్లుల్లి, ధనియాలు, జీలకర్ర, చిటికెడు పసుపు వేసి పలచగా కాచి, దింపే ముందు దంచిన మిరియాలు వేసి గ్లాసుల్లో పోసి ఇస్తారు. హైదరాబాద్‌లో తెల్లవారుజామున పాయా, పెళ్లిళ్లలో మరగ్ దొరుకుతాయి, అవి మేకవైనా పద్ధతి ఇదే. నెబ్రాస్కా సూప్‌ను పరీక్షించినట్టు నాటుకోడి చారును పరీక్షించారని చెప్పుకోవడానికి లేదు, కనుక దాని పేరిట గొప్పలు పోకూడదు. కానీ వేడి, ఆవిరి, ఉప్పు, ఉమామి, మిరియాల ఘాటు దీనిలోనూ ఉన్నాయి, కనుక అవి చేసే మేలు ఇక్కడా ఉంటుంది. మాంసం తినని ఇళ్లలో జ్వరం వచ్చినవాళ్లకు ఇచ్చే పెసరకట్టు, మిరియాల చారు విషయం కూడా అంతే. రెనార్డ్ ప్రయోగంలో కూరగాయలకు సైతం ప్రభావం కనిపించిందని మరచిపోకూడదు.

ఈ సూప్ పేరు చెప్పి ప్రచారమయ్యే మాటలు కొన్ని జల్లెడ పట్టాలి. కోడిలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లం కఫాన్ని కరిగించే ఎసిటైల్‌సిస్టీన్ మందును పోలి ఉంటుంది, కాబట్టి సూప్ తాగితే కఫం కరుగుతుందని చెబుతారు. పోలిక నిజమే. సూప్‌లోని సిస్టీన్ ఆ మందులా పనిచేస్తుందన్నది మాత్రం రుజువు కాలేదు. వేడి నీళ్ల ఆవిరి పడితే జలుబు తొందరగా తగ్గుతుందన్న మాటకూ పరీక్షల్లో నిలకడైన ఆధారం దొరకలేదు. పైగా మరిగే నీళ్ల గిన్నె ఒలికి పిల్లలు కాలిపోయిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పసిపిల్లలున్న ఇంట్లో ఆవిరి గిన్నె కన్నా గోరువెచ్చని చారు గ్లాసు ఎంతో క్షేమం.

2025లో స్కాట్లండ్ పరిశోధకులు జలుబు, ఫ్లూ వంటి వాటికి సూప్ ఉపయోగం గురించి అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ వెతికారు. వాళ్ల ప్రమాణాలకు తగినవి నాలుగే దొరికాయి. అన్నిట్లో కలిపి పాల్గొన్నవాళ్లు 342 మంది. లక్షణాల తీవ్రత కొంత తగ్గిందని, ఒకటి నుంచి రెండున్నర రోజులు ముందుగా కోలుకున్నారని కనిపించింది. ప్రపంచంలో కోట్లాది ఇళ్లలో ప్రతి చలికాలం ఉడికే ఒక వంటకం మీద ఇంత తక్కువ పని జరగడం విచారించాల్సిన విషయం. పేటెంట్ రాని దాని మీద డబ్బు పెట్టి పరిశోధించేవాళ్లు తక్కువ. అలాంటి పని ప్రభుత్వ పరిశోధన సంస్థలే తలకెత్తుకోవాలి.

ఇంట్లో సూప్ వండేటప్పుడూ, పడిశానికి ఇంటివైద్యం చేసేటప్పుడూ కొన్ని సంగతులు గుర్తుంటే చాలు. పొంగుతున్న చారును అలాగే గొంతులో పోసుకోకూడదు. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో ప్రకటించింది. నోరు కాలకుండా చప్పరించగలిగే వేడి సరిపోతుంది. రక్తపోటు ఉన్నవాళ్లకు ఉప్పు తగ్గించాలి, ప్యాకెట్ సూప్‌లలో అది ఎక్కువగా ఉంటుంది. రాత్రి మిగిలిన చారును గిన్నెతో సహా పొయ్యి మీదే వదిలేసి పొద్దున వేడిచేసుకునే అలవాటు మానాలి. మరిగినా చావని కొన్ని బాక్టీరియా బీజాలు గోరువెచ్చటి మాంసపు రసంలో రాత్రికి రాత్రే పెరిగిపోతాయి. రెండు గంటల్లోపు చిన్న గిన్నెల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, తాగే ముందు బాగా మరిగించాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు మందుల షాపులో అడిగి జలుబు సిరప్‌లు తెచ్చి పోయకూడదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన సిరప్‌ను ఆ వయసు పిల్లలకు వాడవద్దని భారత ఔషధ నియంత్రణ అధికారులే 2023లో ఆదేశించారు. ఏడాది నిండని పాపకు తేనె కూడా వద్దు.

కోడి సూప్ వైరస్‌ను చంపదు, యాంటీబయాటిక్ కూడా చంపదు. ఈ రెండింటిలో ఒకటి ఒంటికి ఊరటనిస్తుంది. రెండోది అవసరం లేకుండా వాడితే, నిజంగా అవసరమైన రోజున పనిచేయకుండా పోతుంది. కాబట్టి మామూలు పడిశానికి మందుల షాపు ముందు నిలబడి యాంటీబయాటిక్ అడగకండి. ఇంట్లో జబ్బుపడ్డ మనిషికి వేడిగా ఒక గ్లాసు చారు కాచి ఇవ్వండి, పడుకోనివ్వండి. అయితే జ్వరం మూడు రోజులు దాటినా, ఊపిరి ఆడకపోయినా, పిల్లలు డొక్కలు ఎగరేస్తున్నా, పాలు నీళ్లు పట్టకపోయినా, చారు కాస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.